ఫసలీ సెలవులు

మైసయ్య పంతులుకు కోపం వస్తే ముందు నస్యం డబ్బీ బయటికొచ్చేది. పీల్చేవాడు కాదు, మూత తీయడం, వేయడం, అంతే. దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో చదువు చెప్పీ చెప్పీ బొంగురుపోయిన ఆ గొంతుకు, సెలవుల మాటెత్తితే మాత్రం ఎక్కడలేని బలం వచ్చేది. చేలల్లో మట్టి తప్ప ఏమీ లేని ఎండల్లో బడి మూస్తారు. ఇంటిల్లిపాదీ జొన్నకోతలో ఉన్నప్పుడు తెరిచి కూర్చుంటారు. ఆ ఏడు సరిగ్గా కోతలప్పుడే తనిఖీ అధికారి దిగాడు. బడిలో పరిచిన చాపలున్నాయి, పిల్లలు లేరు.

"రానోళ్ల పేర్లన్నీ కొట్టెయ్," అన్నాడు అధికారి.

డబ్బీ మూత టక్కుమంది. "కోతలకు సెలవియ్యుండ్రని ఏండ్ల సంది మొత్తుకుంటున్న సాబ్. గిప్పుడు పేర్లు కొడితే మళ్ల ఒక్క పోరడు బడి మొకం చూడడు."

"నీ జొన్నచేను కోసం సర్కారు క్యాలెండర్ మారుస్తదా, పంతులూ?"

"గా క్యాలెండర్ పేరేంది సాబ్?"

"ఫసలీ. సర్కారు శిస్తు లెక్కంత దాని మీదనే."

"ఫసల్ అంటె పంటనే గద! శిస్తు వసూలుకు యాదికొచ్చే పంట, పిల్లల సెలవుకు యాదికి రాదా?"

అధికారి ముఖం కందిపోయింది. "జబాన్ సంభాల్! నోరు అదుపుల పెట్టుకో, లేకుంటె నీ నౌకరీ గూడ పోతది!" అంటూ విసురుగా గడప దాటాడు. పంతులు వెనకే వచ్చి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

"ఎండకాలం తెరువుండ్రి సాబ్. అప్పుడు పిల్లలొస్తరు, నేనూ వస్త," అని పంచె ఎగ్గట్టి, పిల్లలున్న చేనుకేసి నడిచాడు.