కడుపుల పుండు లేదన్న

ఎనిమిదేండ్లుగా ఒక కంపౌండర్ మీద అర్జీలు పెడుతున్న. ఒక్కదానికీ జవాబు రాలేదు. కచేరి మెట్లెక్కితే, మళ్ల వచ్చిండని మొఖం తిప్పుకున్నరు. ఆ అర్జీలల్ల నేను రాయని మాటొకటుంది. అదే ఈ కాగితం చదివే మీకు చెప్తున్న. దాని బరువు ఇగ మొయ్యలేను.

మాది మాదన్నపేట. మొన్న అయిపోయిన పెద్ద లడాయి మొదలుకాకముందు ఏడాది, శ్రావణమాసం. మా అమ్మ మోకాళ్ల నొప్పులకు మందు తేనీకి మొఘల్‌పురాల ఒక చిన్న దవాఖానకు పోయిన. నా వెనకొచ్చిన ఇద్దరికి కంపౌండర్ ముందుగాల మందిచ్చిండు. అది అన్యాయమే, ఇప్పటికీ నేనదే అంట. ఇదేందని అడిగితే నవ్విండు.

"జర ఆగు భాయ్. వాళ్లది జరం, నీది తకరారు."

జనం గూడ నవ్విన్రు. నా ఒళ్లు మండింది.

నా వంతు వచ్చినంక, ఆస్ప్రిన్ పొడి కాగితంల మడుస్తూ అడిగిండు.

"అమ్మ పెద్ద మనిషా? కడుపుల పుండు గిట్ల ఉందా? ఉపాసాలుంటదా? ఈ మందు అందరికీ ఒక్కతీరు పడది. అసుంటోళ్లకు లోపల నెత్తురు కారుతది."

"ఏం లేదు. మందడిగిన, మా ఇంటి ముచ్చట్లు గాదు."

"సరే. తిన్నంకనే ఇయ్యి. పరగడుపున వద్దు."

ఏం లేదా? ఆ ఎండకాలంల ఆమె నెత్తురు కక్కితే వాకిలి కడిగింది నేనే. డాక్టరు పుండన్నడు. శ్రావణమంతా ఒక్కపొద్దులుండి, పొద్దుగూకినంకనే ఇంత తింటదని గూడ తెలుసు. మరి ఎందుకు చెప్పలేదు? నన్ను పదిమందిల నవ్వులపాలు చేసినోనికి తలొంచి జవాబు చెప్పుడు ఇష్టం లేక. అంతే. తిన్నంక వేసుకోమన్న మాట గూడ అమ్మకు చెప్పలేదు, వాని మాట నేనెందుకు మొయ్యాలెనని. తెల్లారి ఆమె పరగడుపునే పొడి నాలిక మీద పోసుకుంటుంటే చూసుకుంట నిలబడ్డ. నొప్పి తగ్గిందని మురిసింది. నాలుగోనాడు మధ్యాహ్నం బియ్యం ఏరుకుంట నెత్తురు కక్కింది. జట్కా వచ్చేలోపల పానం పోయింది.

పీనుగ లేవకముందే, కంపౌండర్ ఏం అడగకుండ మందిచ్చి సంపిండని గల్లీల చెప్పిన. సర్కారు వినలేదు గానీ గల్లీ విన్నది. ఆయన చేతి మందు ఎవ్వరూ ముట్టలేదు. దవాఖానోళ్లు ఆయనను కొలువుల నుంచి తీసేసిన్రు. ఇప్పుడు చాంద్రాయణగుట్ట దిక్కు కట్టెలమ్ముకుంటున్నడు. "పుండు సంగతి నేను అడిగిన" అని ఆయన అందరికీ చెప్పిండు. నేనే అబద్ధమన్న. ఇన్నేండ్ల అర్జీలు ఆయన మీది కోపంతోనేనా? లేక, అర్జీ రాసుడు ఆపితే నేనన్న "ఏం లేదు" నాకే వినపడుతదనా?

చెప్పిన. ఛాతిల జరంత గాలి ఆడుతున్నది. మాఫీ అడుగుతలేను, ఏ మొఖం పెట్టుకొని అడుగాలె? ఈ కాగితం ఆయనకు గూడ పంపుతున్న.

అడిగినవు భాయ్. నువ్వు అన్నీ అడిగినవు. ఆ మాట నలుగురి ముందర నా నోటితోనే అంట. నీ కట్టెల దుకాణం కాడ అనాల్నా, మొఘల్‌పురాల అనాల్నా? ఊకోకు. జవాబు చెప్పు.