చేపకు మందిచ్చిన కాంపౌండర్

మానుకోట పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసినాయన మొన్న మంగళవారం పొద్దున తండాలో తన ఇంటి ముందు పళ్లు తోముకుంటూ కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. బజారులో కంసాలి నాకీ మాట చెప్పి, "నీకు ముందుగాల్నే తెలిసుంటదనుకున్న సారూ" అన్నాడు. తెలియదు. ఆయనకూ నాకూ పదకొండు నెలలుగా మాటల్లేవు. తప్పు నాది. ఆ ముక్క ఆయనతో చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, చెప్పలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా పరిచయం సకల జనుల సమ్మెలో. నేను జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. నా కాలేజీ, ఆయన దవాఖాన రెండూ మూతపడ్డాయి. ఇద్దరం ఒకే టెంటు కింద దీక్షలో కూర్చునేవాళ్లం. దసరాకల్లా రాష్ట్రం వస్తుందని టెంటులో అందరూ అనేవారు. ఆయన్ని అడిగితే, "నాకు తెల్వది సారూ. కూసోవాలె గనక కూసున్న" అనేవాడు. అలా అన్న మనిషి ఒక్కరోజు కూడా దీక్ష తప్పలేదు.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో బంగారు చేపకు జబ్బు చేసింది. నా భార్య వరంగల్ నుంచి గాజు తొట్టితో సహా రెండు చేపలు తెచ్చుకుంది. కరెంటు కోతలు మొదలైన వారంలోనే ఒకటి చచ్చిపోయింది. ఆమె తమ్ముడు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. బాయిల్లోనూ సమ్మే. బొగ్గు లేక కరెంటు లేదు, కరెంటు లేక తొట్టిలో గాలి మిషను ఆడదు.

"నీ తమ్ముడు బాయిల దిగకపోతె మన చేప బతికేటట్టు లేదు" అన్నాను ఒకరోజు.

"మా తమ్మున్నంటే ఊకోను. నువ్వు గూడ టెంట్లనే కూసున్నవు గద. పో, పోయి పాఠం చెప్పు."

రెండో చేపకూ తోక అంచులు తెల్లబడి పీలికలవుతున్నాయని తెలిశాక ఆ వేళాకోళం ఆగిపోయింది. రెక్కల మొదళ్లలో ఎర్రని చారలు. మేత ముట్టడం మానేసింది. పుండు కదా అని ఆమె తొట్టిలో పసుపు కలిపింది. చేప ఇంకా డీలాపడింది. మాకు పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ ఒక్క చేపను దక్కించుకోవాలని ఆమె ఎందుకంత పట్టుదలగా ఉందో నేను అడగలేదు.

టెంటులో కాంపౌండర్‌కు మెల్లగా చెప్పాను. పక్కవాళ్లు విన్నారు. "బర్రెల డాక్టరుకు చేప కేసొచ్చిందిరో! సూది ఏడ గుచ్చుతవే?" అని ఒకటే నవ్వు. ఆయన నవ్వలేదు.

"చేప సంగతి నాకు తెల్వది సారూ. చూడుమంటే చూస్త. దవాఖాన తాళం మాత్రం తియ్య, సమ్మెల ఉన్న. మీ ఇంటికి చుట్టం లెక్క వస్త."

చుట్టంలాగే వచ్చాడు. కాళ్లు కడుక్కుని, నా భార్య ఇచ్చిన చాయ్ తాగి, తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు ఊరికే చూశాడు.

"పసుపేసినవా చెల్లె?"

"పుండుకు పసుపే గదన్నా."

"మనం పుండు మీద ఏసుకుంటం. గిది అండ్లనే ఊపిరి తీస్తది." తోక వైపు వేలు చూపించాడు. "గిది కంటికి కనబడని పురుగు. నీళ్లు చెడి, గాలాడకపోతె పడతది. తోక కొస కెళ్లి తినుకుంట లోపలికొస్తది. బర్రె గిట్టలు గిట్లనే కుళ్లుతయి. దానికిచ్చే మందే దీనికీ అనుకుంటున్న. అనుకుంటున్ననే, తెల్వది."

చేపల చెరువులు చూసే ఒకాయనకు ఫోన్ చేసి ఎంత నీళ్లకు ఎంత మందో కనుక్కున్నాడు. మా ప్లాస్టిక్ టబ్బులో చెంబుతో కొలిచి పది లీటర్లు పోయించాడు. దొడ్డుప్పు కలిపాడు. మందు మనుషులు మింగే క్యాప్సూలే, కానీ అందులో పొడిని చిన్న పాళ్లు చేయాలి. ఆ పని చేసే తరాజు కంసాలి దగ్గరే ఉంటుంది. బంద్ కావడంతో సగం దించిన షట్టర్ కింద నుంచి ఇద్దరం వంగి దూరాం.

"ఏందే, గిప్పుడు మందులు గూడ నేనే తూయాల్నా?" అన్నాడు కంసాలి.

"బంగారు చేపకే. బంగారమంటే నీ పనే గద" అన్నాను.

ఆరు పొట్లాలు కట్టించుకొచ్చాం.

చేపను టబ్బులోకి మార్చేటప్పుడు ఆయన దానితో ఏదో మాట్లాడాడు. మనుషులతో తెలుగు, పశువులతో మాత్రం తండాలో తన ఇంటి భాష. "ఏమన్నవన్నా దాన్ని?" అని నా భార్య అడిగింది. "ఏం లేదు. మాట్లాడుకుంట చేస్తే నా చేతులు వణకయి" అన్నాడు.

రోజూ నీళ్లు మార్చి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు పోసి, కొత్త పొట్లం కలపాలి. కరెంటు పోయినంతసేపూ చెంబుతో నీళ్లు తోడి పైనుంచి పోస్తూ ఉండాలి. లేకపోతే దానికి గాలి అందదు. నా భార్య టబ్బు పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నేను సాయంత్రం టెంటు నుంచి వస్తూనే, "ఇయ్యాల నయమున్నది" అనేవాణ్ని. ఆయన వచ్చి వంగి చూసి, "నిన్నటి లెక్కనే ఉన్నది" అనేవాడు. మూడో రోజు "జర కుదురుకున్నది" అన్నాడు. అది విని ఆమె ఆ పూట అన్నం తిన్నది.

ఐదో రోజు చేప ఒళ్లు ఉబ్బింది. పొలుసులు పైకి లేచి దేనికది విడిగా కనిపించాయి.

"బతుకుతదా అన్నా?" అని అడిగింది నా భార్య.

ఆమె వెనక నిలబడి నేను కళ్లతో సైగ చేశాను. ఆయన నన్ను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"బతకది చెల్లె. రేపటిదాక ఉంటే ఉంటది. నీళ్లు పోసుడు మాత్రం ఇడువకు. ఊపిరికి తండ్లాడకుండ పోతది."

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమె నీళ్లు పోస్తూనే ఉంది.

ఆ మాట చెప్పి వెళ్తున్న ఆయన్ని వాకిట్లో ఆపి, "గట్ల మొఖం మీద చెప్తరా?" అన్నాను. "అడిగిన మనిషికి చెప్పాలె సారూ. అడగకపోతె నేనూ చెప్పేటోన్ని కాదు" అన్నాడు. నా భార్య ఆయన్ని ఏమీ అనలేదు. నన్ను మాత్రం అడిగింది: "ఐదు రోజులు నయమున్నదంటివి. ఒక్కనాడన్న సక్కగ చూసినవా?"

ఏడాది తిరిగేసరికి ఆమెకే జబ్బు చేసింది. హన్మకొండలో డాక్టరు నాతో విడిగా మాట్లాడాడు. ఆమెకు అల్సర్ అని చెప్పాను. ఫైలు బీరువాలో నా బట్టల కింద దాచాను. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి కాంపౌండర్ ఆమె మంచం పక్కన కుర్చీలో ఉన్నాడు. ఫైలు ఆయన ఒళ్లో తెరిచి ఉంది.

"అన్ననేమనకు. నేనే పిలిపించిన" అంది నా భార్య.

"బర్రెలకు మందు పోసేటోనివి. నా ఇంట్ల నీకేం పని?" అన్నాను. జీవితంలో ఎవరితోనూ అలా మాట్లాడలేదు. ఆయన ఫైలు మూసి స్టూలు మీద పెట్టి, "అడిగింది సారూ" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె ఏడు వారాలు ఉంది. జనగామ వెళ్లి వాళ్లమ్మ దగ్గర తొమ్మిది రోజులు గడిపింది. భూపాలపల్లిలో తమ్ముడి క్వార్టరుకు వెళ్లి, వాడితో పోట్లాడి, నవ్వి వచ్చింది. పుట్టకుండా పోయిన ఇద్దరు పిల్లల గురించి మేమిద్దరం మొదటిసారి మాట్లాడుకున్నాం. నా అబద్ధం నిలిచి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. ఇది నాకు అర్థమవడానికి నెలలు పట్టింది. ఆమె దహనం రోజున ఆయన రోడ్డుకు అవతల నిలబడ్డాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ఆయన పోయిన మూడో రోజున నర్సింహులపేట దారిలో ఉన్న వాళ్ల తండాకు వెళ్లాను. ఆయన భార్య కుర్చీ వేయించింది. చెప్పాలనుకున్నది ఆమెకు కూడా చెప్పలేకపోయాను. అంతలో పక్క ఊరి నుంచి ఒక ముసలామె మేకను తాడుతో పట్టుకుని వచ్చింది. మేక ముక్కు కారుతోంది, డొక్కలు ఎగరేస్తోంది.

"డాక్టరు లేడా?"

ఎవరో నేల చూస్తూ, "ఊరికి పోయిండవ్వా, మల్లరా" అన్నారు.

ఆమె కదల్లేదు. కుర్చీలో ఉన్నవాణ్ని నేనే కాబట్టి నన్ను అడిగింది: "ఎప్పుడొస్తడు సారూ?"

"రాడవ్వా" అన్నాను. "మంగళారం సచ్చిపోయిండు."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను చూపు దించలేదు. నిలబడ్డ చోటే మెల్లగా కూలబడి, తాడు వదిలేసి, కొంగుతో మేక ముక్కు తుడవసాగింది. అది కారుతూనే ఉంది. ఆమె తుడుస్తూనే ఉంది.