ఇస్త్రీ అక్క కార్డు, నా వీడియో

ప్రజాస్వామ్యాన్ని కాపాడడానికి ఆ మధ్యాహ్నం అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు ఇద్దరం బయలుదేరాం: నేను, నా రూమ్మేటు. హాస్టల్లో ఆ పూట వంట లేకపోవడం కూడా ఒక కారణం. ఓటర్లను ఎవరైనా అడ్డుకుంటే వీడియో తియ్యాలని వారం ముందే అనుకున్నాం. ఆలోచన వాడిదే. ఆవేశం వాడిది, కెమెరా నాది.

పోలింగ్ జరిగే బడికి వంద మీటర్ల దూరంలో సున్నంతో గీత గీశారు. ఫోన్ ఆ గీత దాటకూడదు. అందుకని ఇవతలే, మూసి ఉన్న చెప్పుల దుకాణం మెట్ల మీద కూర్చున్నాం. రెండు గంటల పాటు దేశానికి ఏ ప్రమాదమూ రాలేదు.

నాలుగు దాటాక మా సందులో బట్టలు ఇస్త్రీ చేసే అక్క వచ్చింది. ఇల్లు ఊరి చివరకు మారినా ఆమె ఓటు ఇక్కడే ఉంది. లిస్టులో పేరుందని నిన్న నేనే ఫోన్లో చూసి చెప్పాను. రెండు బస్సులు మారి వచ్చిందట. మా ఎదురుగా పార్టీ వాళ్లు ఓటరు చీటీలు రాసిచ్చే టేబుల్ దగ్గర తెల్లచొక్కా ఆయన ఆమె కార్డు అడిగి తీసుకున్నాడు. చూశాడు. జేబులో పెట్టుకున్నాడు.

“నీ పేరు లిస్టుల లేదమ్మా. ఇల్లు మారితే ఓటు పోతది. పో.”

“గా తమ్మి నిన్న ఫోన్ల జూసి ఉన్నదన్నడు గదన్నా. నా కార్డియ్యి.”

“కార్డు ఆఫీసుల ఇయ్యాలె. నువ్ పో.”

అంతా రికార్డయింది. చెయ్యి వణకకుండా నేను తీసిన మొదటి వీడియో అదే.

ఇంకో గుర్తింపు కార్డు ఇంట్లో ఉందంది అక్క. వెళ్లి తెచ్చేలోపు పోలింగ్ అయిపోతుంది. ఆ జేబులోది బయటికొస్తేనే ఓటు. బడి గేటు దగ్గర ఎస్సై ఉన్నాడు. ఫోన్ రూమ్మేటు చేతిలో పెట్టి గీత దాటాను. లాక్ నంబరు వాడికి తెలుసు. మా బిర్యానీ ఆర్డర్లన్నీ వాడే పెడతాడు.

ఎస్సైని కదిలించి గీత ఇవతలికి తేవడానికి పది నిమిషాలు పట్టింది.

“ఏది, చూపియ్యి.”

ఫోన్ తీసుకుని వెతికాను. గ్యాలరీలో లేదు. డిలీట్ చేసినవి చేరే చోటా లేదు. తాగిన టీ గ్లాసు కూడా తీసి పక్కన పెట్టని నా రూమ్మేటు, ఈ పని మాత్రం ఎంతో శుభ్రంగా చేశాడు.

“ఏం కార్డు సార్?” అని తెల్లచొక్కా ఆయన నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

“టైంపాస్ జేస్తున్నవా?” అని ఎస్సై నన్ను అడిగి వెళ్లిపోయాడు.

రూమ్మేటును పక్కకు లాగాను.

“ఏం జేసినవ్‌రా?”

“మామా, ఆయన మన హాస్టల్ ఓనర్ బామ్మర్ది. నేను తీసేయకుంటే రేపు మన సామాన్లు రోడ్డు మీదుంటయ్.”

“నీకు ముందే తెల్సా?”

“జర లేటుగ గుర్తొచ్చింది.”

నన్ను కాపాడినట్టే చెప్పాడు. ఒక జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

అక్క దగ్గరికొచ్చింది. “వీడియో ఏమైంది తమ్మీ?”

వాడు నా మొహంలోకి చూశాడు.

“ఫోన్ ఖరాబైందక్కా,” అన్నాను.

“అవునక్కా, మస్తు పాత ఫోన్,” వాడు వెంటనే అందుకున్నాడు.

“నువ్వేం జేస్తవ్‌తియ్. కార్డన్నా మల్ల ఇస్తడా?”

“ఇస్తడక్కా.”

ఎన్నికల రోజు నేను కూడా ఒక హామీ ఇచ్చాను. ఆమె దాన్ని నమ్మి బస్టాపు వైపు నడిచింది. మేమిద్దరం ఒకే షేర్ ఆటోలో, ఒకే రూముకు తిరిగొచ్చాం.