ఇసుక బకెట్ ప్రశ్న నాదే

పత్తి మిల్లులకు అగ్నిప్రమాద బీమా ఇవ్వొచ్చో లేదో చూసి చెప్పడం నా పని. ఏ కంపెనీకీ జీతగాణ్ని కాను, పిలిస్తే వెళ్తాను. మాంద్యం వచ్చినా ఈ పనికి ఢోకా లేదనుకున్నాను. పోయిన నెల బీమా ఆఫీసరు, "కొత్తోళ్లకు నేర్పాల, మీరు ఏమేం చూస్తారో రాసియ్యన్నా" అంటే పొంగిపోయి నలభై ప్రశ్నలు రాసిచ్చాను.

ఆ తర్వాత పిలుపే లేదు. ఉండబట్టలేక ఈ రోజు ఎమ్మిగనూరులో బస్సెక్కి, ఏటా నేను చూసే ఆదోని మిల్లుకు వెళ్లాను. గుమాస్తా నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"నీకెవరూ సెప్పలేదా అన్నా? బీమావోళ్లు ఇప్పుడంతా ఫోన్లోనే అడుగుతాండారు. జవాబులు మేమే నొక్కేస్తాండాం."

ఫోన్ చూపించాడు. నా ప్రశ్నలే, అక్షరం మార్చలేదు: "మంటలార్పే బకెట్లో ఇసుక ఉందా, వక్కాకు ఉమ్ములున్నాయా? చెయ్యి పెట్టి చూడండి."

అతను కుర్చీలోంచి లేవకుండానే "ఇసుక ఉంది" అని నొక్కాడు.

బయటికొస్తూ అలవాటు కొద్దీ గుమ్మం పక్కనున్న ఆ బకెట్లో నేనే చెయ్యి పెట్టాను.

మీ పని ఊడగొట్టే కాగితాన్ని మీ చేతే రాయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెప్పండి. నేను ఇంటికొచ్చి కూడా ఆ చెయ్యి కడుక్కుంటూనే ఉన్నాను.