నర్సింగరావుగారు ఇవ్వని మందు

మొన్న యూసుఫ్‌గూడలో ఒక మందుల షాపు మెట్టెక్కగానే స్పిరిట్ వాసన తగిలింది. వెంటనే నర్సింగరావుగారు గుర్తొచ్చారు. తొంభైల్లో ఆ వీధిలో ఆయనే ఫార్మసిస్టు. మా సినిమావాళ్లకు కళ్లు ఎర్రబడితే ముందు ఆయన దగ్గరికే పరుగు. ఆయన మాత్రం సీసా తీసే ముందు మనిషిని గుమ్మంలో వెలుతురుకు నిలబెట్టి నొప్పుందా, చూపు మసకబారిందా, వెలుగు చూడలేకపోతున్నావా అని అడిగేవారు. ఒక్కదానికి ఔనన్నా మందు అమ్మకుండా కంటాసుపత్రికి పంపేవారు. అప్పట్లో నాకది వట్టి చాదస్తంగా తోచేది.

అప్పుడు నేను మేకప్ అసిస్టెంటును. ఫిల్మ్ నగర్‌లో పాట షూటింగు నడుస్తోంది. మర్నాడు మొదటిసారి హీరోయిన్‌కు నేనే మేకప్ వెయ్యాలి. నాలుగేళ్లు పెట్టె మోసాక మా గురువుగారు దయతలచి ఇచ్చిన అవకాశం. సరిగ్గా ముందురోజే నా కళ్లు ఎర్రబడి, పుసులతో అతుక్కుపోయాయి. ఎరుపును గంటలో పోగొట్టే చుక్కల మందు ఒకటుందని సెట్లో విన్నాను. నర్సింగరావుగారి షాపుకెళ్లి అదే ఇమ్మన్నాను. డాక్టరు చూడకుండా ఇవ్వనన్నారాయన.

"ఎరుపు పోతది తమ్మీ, రోగం లోపల్నే ఉంటది. రేపు అవే చేతుల్తోని ఇంకొకరి కండ్లు ముట్టుకుంటవ్."

పొద్దుట్నుంచి మా సెట్టు నుంచే నలుగురు డాన్సరమ్మాయిలు ఇలాగే ఎర్రబడ్డ కళ్లతో వచ్చారట. ఒకమ్మాయి వెలుగు చూడలేకపోతుంటే ఆసుపత్రికి పంపారట. వాళ్లకు కాటుక పెట్టేదెవరని అడిగారు. పన్నెండుమంది డాన్సర్లకీ ఒకే బ్రష్షుతో పెట్టింది నేనే. హడావుడిలో అందరూ చేసేదేగా అందామనుకుని మానుకున్నాను.

"నేనే సార్," అన్నాను.

తిడతారనుకున్నాను. నాది మామూలు కళ్లకలకేనన్నారు. కాచి చల్లార్చిన నీళ్లతో, ఏ కంటికి ఆ దూదితో తుడుచుకోమని, నాలుగు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోమని ఓపిగ్గా చెప్పారు. బ్రష్షు పారేసి, జరిగింది నా నోటితోనే సెట్లో చెప్పమన్నారు.

వెళ్లి చెప్పాను. గురువుగారు నన్ను ఆ సినిమా నుంచి తప్పించారు. హీరోయిన్‌కు ఇంకెవరో మేకప్ వేశారు. సమయానికి ఆసుపత్రికి చేరబట్టి ఆ డాన్సరమ్మాయి చూపు దక్కింది. నేను మాత్రం సిగ్గుతో ఆ వీధి తొక్కడం మానేశాను.

నెల తర్వాత ఆయనే నా గది వెతుక్కుంటూ వచ్చారు. ఆదివారం కూతురి పెళ్లట, పెళ్లికూతురికి మేకప్ నేనే వెయ్యాలట. నలుగురికి కలక అంటించినవాణ్ణి, నేనెందుకన్నాను.

"అడిగితే నిజం చెప్పినవ్. నా బిడ్డ కండ్లు నీ చేతుల్ల పెడ్తున్న," అన్నారు.

ఆ రోజు కాటుక దిద్దుతుంటే నా చెయ్యి వణికింది. తర్వాత ఎందరు తారల కళ్లు దిద్దానో లెక్కలేదు. ఇప్పటికీ ఎవరి రెప్ప ముట్టుకోబోయినా ముందు ఆ వణుకు వస్తుంది. అది పోకూడదనే కోరుకుంటాను.