ఇద్దరు హీరోలుంటే కట్టేసేవారు

మా అత్తగారు పోయారు. పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే, బాల్కనీ కుండీల్లో నందివర్ధనం పూలు కోస్తూ గ్రిల్లు పట్టుకుని అలాగే కూలబడ్డారు. నేను వెళ్ళేసరికి ఒళ్ళో పూలున్నాయి, ఆవిడ లేరు. బెజవాడ పటమటలో మేముండే అపార్ట్‌మెంటు వాళ్ళందరూ వచ్చారు. ఉయ్యూరు నుంచి బంధువులు వచ్చారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ అదృష్టవంతురాలు అంది. పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది, అందరికీ దక్కే చావు కాదంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆవిడ కోరుకున్నది అది కాదు.

కోరుకున్నదేమిటో ఆవిడే నలుగురిలో చెప్పారు. ఒక శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటానికి వచ్చిన కింది ఫ్లాటావిడ, వాయనం అందుకుంటూ, మనమంతా ముత్తైదువలుగానే దాటిపోవాలండీ అంది. మా అత్తగారు శనగల గిన్నె కింద పెట్టేశారు.

"నాకు మాత్రం అలా వద్దమ్మా. ముందు ఆయన పోవాలి. ఆ తర్వాతే నేను" అన్నారు.

ఒకావిడ గబగబా లెంపలు వేసుకుంది. లక్ష్మీదేవి ఎదుట కూర్చుని మొగుడు ముందు పోవాలనే ఇల్లాలిని వాళ్ళెవరూ అంతకుముందు చూసి ఉండరు. వాళ్ళు వెళ్ళాక, అలా అనేశారేంటి అత్తయ్యా అని అడిగాను. నిజం చెబితే నీక్కూడా ఎందుకే అంత కంగారు అని, మిగిలిన శనగలకు తాలింపు వేయడానికి వెళ్ళిపోయారు.

ఆవిడ అలా ఎందుకన్నారో తెలియాలంటే మా మామగారి సంగతి చెప్పాలి. ఆయన ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. కొన్నేళ్ళ కిందట మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట తాళాలు మర్చిపోయారు, తర్వాత వీధులు, తర్వాత మనవరాలి పేరు. ఆఖరికి ఆయన దగ్గర మిగిలినవి పాత సినిమాలు. టీవీలో నలుపు తెలుపు బొమ్మ కనబడితే చాలు, కండువా సవరించుకుని కుర్చీలో కుదురుగా కూర్చునేవారు. పొద్దున తిన్నది ఇడ్లీయో దోసో చెప్పలేని మనిషి, పెళ్ళయిన కొత్తలో అత్తగారిని వెంటబెట్టుకుని బెజవాడ వచ్చి చూసిన సినిమాలో విలన్ ఏ తలుపు వెనక దాక్కున్నాడో ముందే చెప్పేసేవారు. మంచిదే, చూడనివ్వండి అన్నారు డాక్టరుగారు.

డాక్టరుగారికేం, చెప్పి వెళ్ళిపోయారు. మన పాత సినిమాల్లో ఏముంటుందో ఆయన ఆలోచించలేదు. మా మామగారికి ఒక తమ్ముడు ఉండేవారు. పొలం పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి, ఆ తమ్ముడు పెళ్ళాం పిల్లలతో ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. తర్వాత ఆయన జబ్బుపడ్డారని కబురొచ్చినా మా మామగారు పంతానికి పోయి వెళ్ళలేదు. చూడకుండానే తమ్ముడు పోయారు. ఇన్నేళ్ళూ ఆ ఊసెత్తని మనిషికి, మతి పోయాక తమ్ముడు పోయిన సంగతి పోయింది, తమ్ముడు గడప దాటిన రోజు మాత్రం మిగిలింది. తెర మీద అన్నదమ్ములు విడిపోతే చాలు, కుర్చీలోంచి లేచి, వాణ్ణి తీసుకొస్తానని తలుపు తీసుకుని వెళ్ళిపోయేవారు.

ఇక చూడండి మా అత్తగారి పాట్లు. మన పాత కుటుంబ కథల్లో అన్నదమ్ములు విడిపోనిది ఎక్కడుంది? ఇంటి మధ్య గోడ కట్టని సినిమా వెతికి పట్టుకోవడం అంటే ఇసుకలోంచి తైలం తీయడమే. అందుకని ఆవిడ తనకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పేపర్లో ఏ చానెల్లో ఏ సినిమా వస్తుందో పొద్దున్నే చూసుకునేవారు. కథ గుర్తుంటే సరే. గుర్తు లేకపోతే పేర్లు పడుతున్నంతసేపూ రిమోట్ చేతిలో పట్టుకుని నిలబడేవారు. ఇద్దరు హీరోల పేర్లు పడ్డాయో, కట్టేసేవారు. ఇద్దరున్నారంటే అన్నదమ్ములైనా అవుతారు, చివర్లో అన్నదమ్ములని తేలనైనా తేలతారు, రెండూ మనకొద్దు అనేవారు. జానపదాలంటే మాత్రం ధీమా. "మాంత్రికుడున్న సినిమా అయితే నిశ్చింత అమ్మాయ్, వాడికి తమ్ముళ్ళుండరు" అనేవారు.

నిజానికి ఆవిడకు మాంత్రికులంటే పడదు. గుహలూ పుర్రెలూ ఎగిరే గుర్రాలూ చిన్నపిల్లల గోల అనేవారు. ఆవిడకు ఇష్టమైనవి ఏడుపు సినిమాలు. తోడికోడళ్ళూ, అపార్థాలూ, ఆఖరున అందరూ ఒకరి కాళ్ళ మీద ఒకరు పడిపోవడమూ ఉండాలి. అవన్నీ మానేశారు. మానేసి, ఆయన పక్కన కూర్చుని, చూసిన మాంత్రికుణ్ణే మళ్ళీ మళ్ళీ చూసేవారు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు మాత్రం వంటింట్లో గోంగూర వలుస్తూ తన సినిమాలు నాకు కథలుగా చెప్పేవారు. చెప్తూ చెప్తూ తనే ఏడ్చేవారు. సినిమా చూస్తే వచ్చే ఏడుపు కన్నా చెబితే వచ్చే ఏడుపే బాగుందే అనేవారు కళ్ళు తుడుచుకుని.

ఒక్కసారి ఆవిడ ఇంట్లో లేనప్పుడు పొరపాటు జరిగింది. శ్రీరామనవమి నాడు ఆవిడ పందిట్లో కల్యాణానికి వెళ్ళారు. మావారు టీవీలో దేవుడి సినిమా పెట్టారు. పండగపూట దేవుడి సినిమా కన్నా క్షేమం ఏముంటుందని మావారి లెక్క. నాకూ ఏమీ తట్టలేదు. ఆ దేవుళ్ళు కూడా అన్నదమ్ములేనని మా ఇద్దరిలో ఒక్కరికైనా స్ఫురిస్తే కదా. తెర మీద తమ్ముడు అన్నగారి పాదుకలు నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ వెనక్కి వెళ్ళాడు. మేం పానకం గ్లాసులు తీయడంలో ఉన్నాం. చూసేసరికి కుర్చీ ఖాళీ.

ఆయన బందరు రోడ్డు మీద దొరికారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఉత్త కాళ్ళతో, తన తోలుచెప్పులు కండువాలో మూటకట్టి గుండెకు హత్తుకుని, ఉయ్యూరు బస్సు ఎక్కడాగుతుందని ఆటోవాళ్ళను అడుగుతున్నారు. మావారు చెయ్యి పట్టుకుని, బాబాయ్ పోయాడు కదా నాన్నా, ఎప్పుడో పోయాడు కదా అన్నారు. అప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాం. అప్పుడే విన్నవాడిలా నడిరోడ్డు మీద భోరున ఏడ్చారు.

పందిట్లోంచి పరుగున వచ్చిన అత్తగారు కొడుకును పక్కకు నెట్టారు. చెప్పులమూట అందుకుని, "ఏవండీ, ఇవి మీ తమ్ముడికే కదా, నేను పంపిస్తాను. మీ కాళ్ళు కాలుతున్నాయి, పదండి" అన్నారు. ఆయన పసివాడిలా వెంట నడిచారు. ఇంటికొచ్చి, ఆయన అరికాళ్ళకు వెన్న రాస్తూ మాతో ఒకే మాటన్నారు. "నిజం మీరు ఒకసారి చెప్పి చేతులు దులుపుకుంటారు. ఆయనకది ప్రతిసారీ మొదటిసారే."

మాకు ఆ మాట అప్పుడు సగమే తలకెక్కింది. అంత పెద్ద మనిషికి రోజూ అబద్ధాలు చెప్పి బతికించడం ఏం బతుకని మావారు నాతో గొణిగారు. నాకూ కొంత అలాగే అనిపించింది. ఆవిడ పోయాక పూర్తిగా తలకెక్కింది.

ఆ రోజు ఆవిడను తీసుకువెళ్ళేటప్పుడు ఆయన అక్కడే ఉన్నారు, ఏడ్చారు కూడా. మర్నాటికి చెరిగిపోయింది. మీ అత్తయ్యేదమ్మా, ఇంకా గుళ్ళోంచి రాలేదా అని నన్నడిగారు. మావారు ఎదురుగా కూర్చుని, అమ్మ పోయింది నాన్నా అని చెప్పారు. ఆయన గుండెలు బాదుకున్నారు. భోజనాలయ్యాక మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ అదే. ఒకే రోజులో ఆ మనిషికి భార్య ఎన్నిసార్లు పోయిందో నేను లెక్కపెట్టలేదు. సాయంత్రం మళ్ళీ అడిగితే మావారు నాకేసి చూశారు.

అప్పుడు నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. దాచడం దేనికి, చాలా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఆయన్ను కాచుకున్న విద్య అంతా తన దగ్గరే ఉంచుకుని, పూలు కోస్తూ వెళ్ళిపోతారా అనుకున్నాను. ఆ తర్వాత, పాపం, ఆవిడ మొక్కుకున్నది కూడా ఇలా కాకూడదనే కదా అని గుర్తొచ్చి, బాత్‌రూంలో నీళ్ళు వదిలి ఏడ్చాను.

ఆయనకు సినిమా కావాలి. కానీ చావింట్లో పెద్దకర్మ అయ్యేదాకా టీవీ పెట్టరు. మా మామగారి చెల్లెలు ఉయ్యూరు నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. టీవీ మీద గుడ్డ కూడా ఆవిడే కప్పారు. నేను గుడ్డ తీయబోతే అడ్డం వచ్చారు. దీపం కొండెక్కకుండా చూసుకోవాల్సిన రోజుల్లో పాటలూ డాన్సులూ ఏమిటి, పరామర్శకొచ్చిన వాళ్ళు మన మొహాన ఉమ్మెయ్యరా అన్నారు. ఆవిడన్నది తప్పని నేననను. ఎవరింట్లోనైనా అదే అంటారు. కానీ అదే సమయానికి లోపల గదిలోంచి ఆయన మళ్ళీ భార్యను పిలిచారు. పిలుపు వినగానే మావారు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. నేను గుడ్డ తీసేశాను.

తీసేశాను గానీ ఏం పెట్టాలో తెలిస్తేనా. రిమోట్ నొక్కుతున్న కొద్దీ బొమ్మలు వస్తున్నాయి. ఏ బొమ్మ చూసినా దాని వెనక ఎవడో తమ్ముడు పొంచి ఉన్నాడేమోనని భయం. చివరికి, పెళ్ళిచూపుల హాస్యం ఉన్న ఒక సినిమా దగ్గర ఆగాను. వెనకనుంచి ఆయన చెల్లెలు మెల్లిగా, "అది వద్దే. అందులో చిన్నోడు ఇల్లొదిలి పోతాడు" అన్నారు. తిరిగి చూస్తే పైట నోట్లో కుక్కుకుని ఉన్నారు. ఆ పోయినాయన ఆవిడకు చిన్నన్న కదా. నేనెప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు. ఆవిడే పక్కన కూర్చుని ఒక మాంత్రికుడి సినిమా వెతికి పెట్టించారు.

ఆయన్ను తెచ్చి కూర్చోబెట్టాం. కండువా సవరించుకున్నారు. మాంత్రికుడు నవ్వగానే ఆయనా నవ్వారు. మావారు వచ్చి గోడకానుకుని నిలబడ్డారు. రాకుమారి తోటలోకి వచ్చింది, పాట మొదలైంది. మామగారు పక్కకు తిరిగి ఖాళీ కుర్చీ చూశారు.

"మీ అత్తయ్యేదమ్మా?"

మావారు తల దించుకున్నారు. ఇది న్యాయమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. "వంటింట్లో ఉన్నారండీ" అన్నాను.

ఆయన వంటింటి వైపు చూశారు, తల ఊపారు. తర్వాత నా చేతిలోంచి రిమోట్ తీసుకుని, ఎక్కడ నొక్కాలో కాసేపు తడుముకుని, మీ అత్తయ్యకు వినబడాలిగా అంటూ సౌండు పెంచారు. ఇంకా పెంచారు. పరామర్శల కోసం వీధి తలుపు బార్లా తీసే ఉంది. పాట గడప దాటి, మెట్ల మీదుగా కింది ఫ్లాట్ల దాకా వెళ్ళింది. మాలో ఎవరమూ తగ్గించలేదు.