అర నిమిషం దాటితే

నేను మధ్యలో వదిలేసిన కాలేజీలోనే మా అక్క లైబ్రేరియన్. వీడియోల విభాగం ఆమెది. లైబ్రరీలో కూర్చునేవాళ్లకు పనేముంటుంది, టీ తాగుతూ కాలక్షేపం చేస్తారని జనం అనుకుంటారు. మా అక్క కాలక్షేపం ఎలాంటిదో చెబుతాను.

ఒకప్పుడు ఆ గదిలో బీరువాల నిండా డిస్కులుండేవి. ఒకసారి కొంటే మనవే. అరిగిపోయేదాకా చూసుకోవచ్చు. తర్వాత కంపెనీలు డిస్కులు అమ్మడం మానేశాయి. ఇక అంతా ఇంటర్నెట్లోనే చూడాలి, ఏటా అద్దె కట్టాలి. కట్టకపోతే మర్నాటికి సినిమా మాయం. ఇంట్లో సోఫాలో పడుకుని చూసేవాడికి టీ ఖర్చుతో వందల సినిమాలొస్తాయి. క్లాసులో చూపించాలంటే మాత్రం ఒక్కోదానికి లెక్చరర్ నెల జీతమంత పొయ్యాలి. ఇదేం అన్యాయమంటే, అది విద్యాసంస్థల ధర అంటారు. చదువుకోవడం నేరమైనట్టు, దానికి జరిమానా అన్నమాట!

ఇందులో ఇంకో తిరకాసుంది. కంపెనీ తన సినిమాలన్నిటినీ కాలేజీ వెబ్‌సైట్లో పరిచి పెడుతుంది. ఎవరూ చూడనంతవరకు డబ్బు కట్టక్కర్లేదు. ఏ సినిమానైనా నాలుగుసార్లు అర నిమిషం దాటి చూశారా, దాని ఏడాది అద్దె దానంతటదే కాలేజీ నెత్తిన పడుతుంది. అడిగేవాడూ లేడు, ఆపేవాడూ లేడు.

సోషియాలజీ క్లాసులో చెవులు వినిపించని పిల్లలు కొందరున్నారు. తెర కింద వచ్చే అక్షరాలే వాళ్లకు పాఠం. అందుకని అక్క టర్మ్ మొదలయ్యే ముందే, లెక్చరర్లు చూపిస్తామన్న ప్రతి సినిమానూ తెరిచి చూస్తుంది. అక్షరాలు వస్తున్నాయా, మాటతో పాటే వస్తున్నాయా అని. ఆఫీసు కంప్యూటర్లో ఒకసారి, క్లాసు ప్రొజెక్టర్ మీద ఒకసారి, పిల్లలు ఎక్కువగా ఫోన్లోనే చూస్తారు కాబట్టి అందులో ఒకసారి. అక్కడికి మూడు. ఇక ఎవరో ఒకరు ఊసుపోక వేలు తగిలించి కాసేపు చూస్తే చాలు, నాలుగు.

టర్మ్ మొదలైన కొద్ది రోజులకే ఏడాది నిధులన్నీ ఊడ్చుకుపోయాయి. చాలా సినిమాలు ఎవరూ పూర్తిగా చూడనే లేదు.

అక్క కంపెనీకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది కాబట్టి ఇంటిల్లిపాదీ విన్నాం.

"నేను సినిమా చూడలేదు బాబూ, చెక్ చేశాను."

"సిస్టమ్‌కి ఆ తేడా తెలీదు మేడం. చూడటమంటే చూడటమే."

"హోటల్లో వంటవాడు ఉప్పు చూస్తే, భోజనం చేశావని బిల్లు వేస్తారా?"

"మీ అభిప్రాయం నోట్ చేసుకున్నాను మేడం. ఇంకేమైనా సహాయం చేయగలనా?"

"ఇప్పటిదాకా చేసింది చాల్లే!" అన్నాను వెనకనుంచి.

"నువ్వు నోర్ముయ్‌రా," అంది అక్క. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకంటే ఘోరంగా తిట్టింది.

మర్నాడు ప్రిన్సిపాల్ ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. 'నా అజాగ్రత్త వల్ల' అని మొదలవుతుంది.

"యాజమాన్యానికి ఏదో ఒకటి చూపించాలి కదమ్మా. ఒక్క సంతకం. మీకేం పోతుంది?"

"జాగ్రత్త పడినందుకే కదా సార్ ఇదంతా? అజాగ్రత్తని ఎలా ఒప్పుకుంటాను? సిబ్బంది చెక్ చేస్తే లెక్కలోకి రాదని ఒప్పందంలో ఒక్క ముక్క కలపమనండి."

"అంత పెద్ద కంపెనీ, మనం చెబితే వింటారా?"

"చెప్పి చూశారా?"

చెప్పలేదు. చెప్పకుండానే అదే ఒప్పందాన్ని అక్షరం మార్చకుండా పొడిగించాడు. ఇకమీదట సినిమాలు ముందుగా ఎవరూ తెరవకూడదని ఆర్డరేశాడు. అక్కను గుమ్మం దగ్గర కూర్చోబెట్టాడు, పిల్లల బ్యాగులు తీసుకుని టోకెన్లిచ్చే పనికి.

"ఆ సంతకమేదో పెట్టేస్తే పోయేదిగా," అన్నాడు బావ.

"పెడితే చెక్ చేయడమే తప్పని నేనే ఒప్పుకున్నట్టు. రేపు ఎవరు వచ్చినా ఆ కాగితమే చూపిస్తారు. ఇక ఆ పిల్లల కోసం ఎవరు చూస్తారండీ?"



తర్వాతి టర్మ్‌లో అనుకున్నంతా అయింది. అక్క ఇంట్లో మర్చిపోయిన స్కూటర్ పత్రాలు ఇవ్వడానికి వెళ్లి ఆమె పక్కనే నిలబడ్డాను. క్లాసులోంచి ఒకమ్మాయి విసురుగా వచ్చి ఫోన్ ముందు పెట్టింది. 'సినిమాలో అక్షరాలు రాలేదు. ఈసారి మీరు చూడలేదా మేడం?' అని టైప్ చేసి ఉంది.

ఎవరి మాట వాళ్లకే అప్పజెప్పే మా అక్క ఈసారి ఆ ఫోన్ అందుకుంది. ఆ ప్రశ్న కిందే టైప్ చేసింది: 'చూడనివ్వలేదు.'

ఆ అమ్మాయి చదివింది. తోటివాళ్లను వెంటేసుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి నడిచింది. కాసేపటికి అటెండర్ పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, సారు రమ్మంటున్నారు. ఆ పిల్లలు చేతులూపుతూ ఏదో గట్టిగా అడుగుతున్నారు, సారుకి చెమటలు పడుతున్నాయి."

అక్క వెనకే నేనూ వెళ్లాను. మానేసినవాణ్ని బయటికి పంపే తీరిక ఎవరికీ లేదు.

"వీళ్లేమంటున్నారో కాస్త చెప్పండమ్మా. ఒక్క ముక్క అర్థం కావట్లేదు," అన్నాడు ప్రిన్సిపాల్.

"క్లాసులో వాళ్లకూ ఒక్క ముక్క అర్థం కాలేదు సార్. అదే అంటున్నారు."

ఆయన చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నిజమే అనుకోండి. కానీ వీళ్ల కోసం చెక్ చేస్తూ కూర్చుంటే మళ్లీ బిల్లు పడుతుంది కదమ్మా?"

ఆ పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని అన్నాడు ఆ మాట! వినిపించదనేగా ఆ ధైర్యం! నేను నోరు తెరవబోతుంటే అక్క నా చెయ్యి నొక్కింది.

ఆ అమ్మాయి ఆయన పెదాలనే చూస్తోంది. టకటకా టైప్ చేసి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది: 'మా గురించి ఇప్పుడేమన్నారు సార్? రాయండి.'

ఆయన అక్కవైపు చూశాడు. అక్క కదల్లేదు. టైప్ చేయడం మొదలుపెట్టాడు. చెరిపేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ చెరిపేశాడు.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. పిల్లలకూ కుర్చీలు చూపించింది.

"నిదానంగా రాయండి సార్," అంది. "మాకేం తొందర లేదు."